సగటుకు సగటు తియ్యకూడదు

మా యూనివర్సిటీలో ఎవరినైనా పరీక్షల విభాగానికి బదిలీ చేస్తే, తోటివాళ్ళు పరామర్శకు వచ్చినట్టు వచ్చి వెళ్ళేవారు. హాస్టళ్ల ఆఫీసులో పనిచేస్తే పిల్లలు నమస్కారం పెడతారు. లైబ్రరీలో అయితే ఫ్యాను కింద ప్రశాంతంగా కూర్చోవచ్చు. పరీక్షల విభాగంలో మాత్రం తిట్లు తప్ప ఏమీ మిగలవని అందరి నమ్మకం. నేను తొంభైల మొదట్లో అక్కడ గుమాస్తాగా చేరాను, అక్కడినుంచే రిటైరయ్యాను. మధ్యలో వచ్చిన ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను. అవి తలలో తెల్లవెంట్రుకల్లాంటివి, కూర్చున్నచోటే వస్తాయి.

ఇది రాయడానికి కారణం ఈమధ్య ఆ విభాగంలో కొత్తగా చేరిన ఒకమ్మాయి. బీచ్ రోడ్డులో కనిపించి, పని ఎలా ఉందని అడిగితే, "ఇప్పుడన్నీ సాఫ్ట్‌వేరే చూసుకుంటాది మేడమ్, మేం బటన్ నొక్కడమే" అంది. మంచి పిల్లే, నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇంటికొచ్చాక కూడా ఆ మంట తగ్గలేదు. బటన్ నొక్కే ముందు ఆ పిల్లకీ, ఆమెతో చేరినవాళ్ళకీ ఒక సంగతి తెలియాలని కూర్చుని రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ దేన్నీ చూసుకోదు. మనం చెప్పింది చేస్తుంది. మనం తప్పు చెబితే ఆ తప్పునే తడబాటు లేకుండా, అందరికీ సమానంగా చేస్తుంది. అందుకే దాని తప్పు కనిపెట్టడం కష్టం.

చదివే గొంతు

నేను చేరినప్పుడు మా సూపరింటెండెంటు సన్యాసిరావుగారు. ఊరు భీమిలి. రోజూ బస్సులో వచ్చేవారు, ఎప్పుడూ ఆలస్యం కాలేదు. వాళ్ళ నాన్నగారు సముద్రంలో వేటకెళ్ళేవారట. పడవ మీంచి పడవకి వినిపించే ఆ గొంతు ఈయనకి వచ్చింది. మా పనికి ఆ గొంతు సరిగ్గా సరిపోయింది.

ఎందుకంటే మా పనంతా అప్పుడు చదవడం మీదే నడిచేది. పొడుగాటి బల్లకి ఇటు ఒకరు, అటు ఒకరు. ఇటువైపు మనిషి హాల్‌టికెట్ నెంబరు, మార్కులు, క్లాసు పైకి చదవాలి. అటువైపు మనిషి ఎర్ర పెన్సిలుతో అచ్చయిన కాగితం మీద టిక్కు పెట్టాలి. ఫలితాలు బయటికి వెళ్ళే ముందు ప్రతి నెంబరూ ఆ గదిలో గట్టిగా వినబడి తీరాలి. కంప్యూటర్లు వచ్చాక కూడా ఈ పద్ధతి మానలేదు. కళ్ళు అలవాటుపడి దాటేసిన తప్పు చెవికి దొరుకుతుందని సన్యాసిరావుగారి వాదన. అది నిజమేనని నేను చాలాసార్లు చూశాను.

ఆయన పెట్టిన కట్టుబాట్లు రెండు. మొదటిది, పేరు చదవకూడదు, నెంబరే చదవాలి. పేరు వింటే కులం గుర్తొస్తుంది, ఊరు గుర్తొస్తుంది, మనసు ఏదో ఒక పక్కకి జరుగుతుంది. రెండోది, మన బంధువులెవరైనా పరీక్ష రాస్తుంటే ముందే కాగితం మీద రాసిచ్చి, ఆ సబ్జెక్టు పనికి దూరంగా ఉండాలి. ఆ నెంబర్లు చదివేటప్పుడు గదిలో కూడా ఉండకూడదు.

కొత్తలో ఈ రెండోది నాకు కాస్త అవమానంగా అనిపించి, మా మీద నమ్మకం లేదా అని ఆయన్నే అడిగేశాను. ఆయన టిఫిన్ డబ్బా మూత పెడుతూ చెప్పారు.

"నమ్మకం నేక కాదు పార్వతమ్మా. మనోళ్ళ నెంబరు సదివినప్పుడు వరండాలో కూకో. రేపు నీ మీద ఎవుడూ ఏలు సూపించకూడదు. నీ మీద కాదు, ఆ పిల్లోడి మీద సూపించకూడదు."

ఆ చివరిమాట నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఆయన రిటైరై చాలా కాలమైంది.

రెండు బస్సులు

రెండువేల సంవత్సరం దాటాక మా పీజీ కోర్సులకి గ్రేడ్ల పద్ధతి వచ్చింది. మార్కులు పోయి గ్రేడ్ పాయింట్లు, సంవత్సరాలు పోయి సెమిస్టర్లు, వీటి మధ్యలో క్రెడిట్లు. ఇప్పటి పిల్లలకి ఇది పుట్టుకతో తెలిసినట్టే ఉంటుంది. మాకు మాత్రం కొత్త కోడలొచ్చినట్టు, ఇల్లంతా సర్దుకోవాల్సి వచ్చింది.

క్రెడిట్ అంటే ఆ పేపరుకున్న బరువు. పెద్ద పేపరుకి నాలుగు, ప్రయోగశాలకి రెండు, అలా. ప్రతి పేపరులో వచ్చిన గ్రేడ్ పాయింటుని దాని క్రెడిట్లతో హెచ్చవేసి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే ఆ సెమిస్టరు సగటు వస్తుంది. కోర్సు మొత్తం సగటు కావాలంటే, నాలుగు సెమిస్టర్ల పేపర్లూ ఒకేచోట పోసి అదే లెక్క మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలి. నిబంధనల పుస్తకంలో ఇది స్పష్టంగానే ఉంది. ఆ సగటు ఆరున్నర దాటితే ఫస్ట్ క్లాస్.

మార్కులు పట్టికలకెక్కించే మా టాబ్యులేషన్ సెక్షన్ మాత్రం వేరే పని చేసింది. నాలుగు సెమిస్టర్ల సగటులూ కూడి, నాలుగుతో భాగించింది. అంటే సగటులకి సగటు తీసింది.

వాళ్ళు బద్ధకంతో చేశారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మార్కుల రోజుల్లో మొదటి ఏడాది మొత్తం మార్కులెన్నో రెండో ఏడాదికీ అన్నే. రెండు శాతాలు కూడి రెండుతో భాగిస్తే సరిగ్గా సరిపోయేది. మాకు ముందు ఒక తరం, మేమొక తరం అలాగే చేశాం, ఒక్క తప్పు రాలేదు. ఎన్నో ఏళ్ళు సరైన జవాబిచ్చిన అలవాటుని అనుమానించడం మనిషికి చేతకాదు. కొత్త పద్ధతిలో మొదటి మూడు సెమిస్టర్లకీ ఇరవైనాలుగు చొప్పున క్రెడిట్లు, చివరిదానికి పన్నెండే. అందులో ప్రాజెక్టు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. బరువులు మారాయి, చెయ్యి మాత్రం పాత దారినే పోయింది. కంప్యూటర్ ప్రోగ్రాం రాసిన కుర్రాడికి కూడా మావాళ్ళు అదే చెప్పారు, అతను అదే రాశాడు.

దీన్ని నేను తర్వాత చాలామందికి రెండు బస్సులతో చెప్పాను. ఇద్దరు కండక్టర్లు తమ తమ బస్సుల్లో ప్రయాణికుల సగటు వయసు చెప్పారనుకోండి. ఒక బస్సు కిటకిటలాడుతోంది, అందులో సగటు ముప్ఫై. రెండోది సగం ఖాళీ, అందులో సగటు యాభై. రెండు బస్సుల జనానికీ కలిపి సగటు నలభై అంటారా? అనకూడదు. ముప్ఫై ఏళ్ళ వైపు జనం ఎక్కువున్నారు. ఖాళీ బస్సుకి నిండు బస్సుతో సమానంగా ఓటు ఇవ్వకూడదు. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతి కొత్త పద్ధతిలో చదివిన మొదటి బ్యాచ్ మొత్తాన్నీ తలకిందులు చేసింది.

కౌంటర్ దగ్గర పిల్ల

ఆ మొదటి బ్యాచ్ ఫలితాలు బోర్డు మీద పెట్టిన వారంలోనే ఒకమ్మాయి వచ్చింది. పేరు నూకరత్నం. జాలరిపేట. కెమిస్ట్రీ ఎమ్మెస్సీ. అప్పటికి నేను సర్టిఫికెట్ల సెక్షన్ సూపరింటెండెంటుని. ఫలితాలొచ్చిన రోజుల్లో కౌంటర్ దగ్గరే కూర్చోవడం నా అలవాటు.

ఆ పిల్ల అరగంటనుంచీ పక్క కిటికీ దగ్గర గుమాస్తాతో మాట్లాడుతోంది. అతను రీవాల్యుయేషన్‌కి పెట్టుకోమంటున్నాడు, ఆమె అది కాదంటోంది. నేను పిలిచాను.

గాజువాక వైపు ఒక కర్మాగారంలో ప్రయోగశాల ఉద్యోగానికి రాత పరీక్ష పాసయిందట. నెల తిరక్కుండా సర్టిఫికెట్లు చూపించాలి, ఫస్ట్ క్లాస్ ఉంటేనే లోపలికి రానిస్తారు. తనకి బోర్డు మీద సెకండ్ క్లాస్ వచ్చింది. చివరి సెమిస్టర్లో పచ్చకామెర్లొచ్చి ప్రాజెక్టు సరిగ్గా చెయ్యలేకపోయింది. అది తన ఖర్మే అని ఒప్పుకుంది. ఆమెకి అంతు పట్టనిది వేరే.

"నాకు మార్కులు పెంచమని రానేదండి," అంది. "నా పక్కన కూకున్న పిల్ల మూడు సెమిస్టర్లూ నాకన్నా ఎనకే ఉన్నాది. ఒక్క ప్రాజెక్టులో ముందుకెళ్ళింది. దానికి ఫస్ట్ క్లాసు, నాకు సెకండ్ క్లాసు. మూడిటికన్నా ఒకటి ఎలగ పెద్దదైపోనాదండీ?"

ఏడవలేదు, బతిమాలలేదు. కౌంటర్ చెక్క మీద రెండు చేతులూ ఆన్చి, జవాబు వచ్చేదాకా కదలనన్నట్టు నిలబడింది. నాకు ఆ నిలబడడం నచ్చింది.

మెమోలు అడిగి తీసుకుని అక్కడే లెక్క వేశాను. మొదటి మూడు సెమిస్టర్లలో ఆరున్నర, ఆరుముప్పావు, ఏడు. చివరిదాంట్లో ఐదున్నర. నాలుగూ కూడి నాలుగుతో భాగిస్తే ఆరు పాయింట్ నాలుగు నాలుగు. బోర్డు మీద ఉన్నది అదే. క్రెడిట్లతో హెచ్చవేసి మళ్ళీ చేశాను. ఆరు పాయింట్ ఐదు ఏడు. ఇంకోసారి చేశాను, అదే వచ్చింది.

పుస్తకం తీసి నిబంధన చదివాను. ఈ పిల్ల ఒక్కతి సంగతి కాదిది. చివరి సెమిస్టరు బాగా చేసినవాళ్ళందరూ ఉండాల్సినదానికన్నా పైన ఉన్నారు, సరిగ్గా చెయ్యనివాళ్ళందరూ కింద ఉన్నారు.

నూకరత్నానికి అప్పుడు నేను ఏ మాటా ఇవ్వలేదు. లెక్క మళ్ళీ చూస్తామనీ, వారం ఆగి రమ్మనీ మాత్రం చెప్పాను. మన కిటికీ దగ్గర నిలబడ్డవాళ్ళకి చేతిలో లేని మాట ఇవ్వకూడదు. తర్వాత అది వెనక్కి తీసుకోవాల్సి వస్తే, అసలు ఇవ్వనిదానికన్నా పెద్ద దెబ్బ తగులుతుంది.

పంచిపెట్టేసిన లడ్డూలు

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్క సంతోషంలోనే ఉన్నాను. దాచుకోను, తప్పు పట్టుకున్నానన్న సంతోషమే అది. మద్దిలపాలెం దాటాక సత్తిబాబు గుర్తొచ్చాడు.

సత్తిబాబు మా అన్నయ్య కొడుకు. ఆనందపురంలో మా అన్నయ్యకి పూలతోటలు. ఆ ఇంట్లో డిగ్రీ దాటినవాడు వీడొక్కడే. వీడూ అదే బ్యాచ్, ఫిజిక్స్ ఎమ్మెస్సీ. నేను ఎప్పుడో కాగితం రాసిచ్చి ఫిజిక్స్ పనికి దూరంగా ఉన్నాను. అయినా వాడి సంగతి నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? నాలుగు రోజుల క్రితమే లడ్డూల డబ్బాతో వచ్చి, తన గొప్పంతా తనే చెప్పాడు. మూడు సెమిస్టర్లు ఆరుకీ ఆరుంపావుకీ మధ్యే తిరిగి, చివరికి ప్రాజెక్టులో ఇరగదీసి ఎనిమిది తెచ్చుకున్నాడు. ఫస్ట్ క్లాస్. మా అన్నయ్య వీధి వీధంతా లడ్డూలు పంచాడు.

కాగితం అక్కర్లేకుండానే లెక్క తేలిపోయింది. సరిగ్గా చేస్తే వాడికి ఆరు పాయింట్ నాలుగు మూడు. సెకండ్ క్లాస్.

దిగాల్సిన స్టాపు దాటిపోయాక చూసుకున్నాను.

నిజం చెప్పాలంటే, నోరు మూసుకుంటే ఎలా ఉంటుందా అన్న ఆలోచన రాకుండా ఉండలేదు. వచ్చింది. దాన్ని పోనివ్వడానికి ఇంటిదాకా వెనక్కి నడిచిన దూరం సరిపోయింది. మూడిటికన్నా ఒకటి ఎలా పెద్దదైందని ఆ పిల్ల నా మొహం మీద అడిగింది. జవాబు నాకు తెలుసు. తెలిసీ రేపు ఆ కౌంటర్ వెనక ఎలా కూర్చుంటాను?

కంట్రోలర్ గారి మధ్యేమార్గం

మా కంట్రోలర్ ఒక ప్రొఫెసరుగారు. చెడ్డవారు కాదు. ఎవరినీ నొప్పించకూడదనుకునే మనిషి. నా అనుభవంలో పరీక్షల విభాగానికి అలాంటివాళ్ళే ఎక్కువ ప్రమాదం. కోపిష్టి బాసు చేత సరైన పని చేయించడం తేలిక, కనీసం ఎదురుగా ఉంటాడు. మంచివాడైన బాసు మనల్ని కూర్చోబెట్టి టీ తెప్పిస్తాడు.

టీ తెప్పించారు. నా లెక్క చూశారు, తప్పు జరిగిందని వెంటనే ఒప్పుకున్నారు. ఫలితాలు మార్చామంటే పేపర్లకెక్కుతుందని భయపడ్డారు. ఆలోచించుకుని రేపు చెబుతానన్నారు. మర్నాడు మొహం వెలిగిపోతూ పిలిచారు.

"మార్గం దొరికింది పార్వతిగారూ. సరైన లెక్కలో ఎవరికి పెరుగుతుందో వాళ్ళకి పెంచేద్దాం. తగ్గేవాళ్ళ జోలికి పోవద్దు. ఎవరికీ నష్టం లేదు, ఎవరూ గొడవ చెయ్యరు."

వినడానికి ఎంత బాగుందో చూడండి. నూకరత్నానికి ఫస్ట్ క్లాస్ వస్తుంది, సత్తిబాబుది పోదు. నాకోసమే కుట్టించిన జాకెట్టులా ఉంది. ఆయనకీ ఆ సంగతి తెలుసు. నేను రాసిచ్చిన బంధుత్వం కాగితం ఆయన ఫైల్లోనే ఉంది. మెల్లగా అన్నారు, "మీవాడు కూడా ఫిజిక్స్‌లో ఉన్నాడు కదా. మీకూ ఇబ్బంది ఉండదు."

"అందుకే సార్, నేను ఒప్పుకోలేను," అన్నాను.

ఆయనకి కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. నేను చెప్పిందంతా ఇక్కడ రాస్తే పెద్దదవుతుంది. సారాంశం ఇది. ఒకే బ్యాచ్‌కి, ఒకే నిబంధన కింద, రెండు లెక్కలతో ఇచ్చిన క్లాసులకి విలువుండదు. ఆరు పాయింట్ నాలుగు మూడు వచ్చిన ఒకరికి ఫస్ట్, అదే వచ్చిన ఇంకొకరికి సెకండ్ అని ఇస్తే, రేపు మన కాగితం పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్ళిన ప్రతివాణ్ణీ, నీది ఏ లెక్కదని అడుగుతారు. సరైన ఫస్ట్ క్లాసులు కూడా అనుమానపు ఫస్ట్ క్లాసులైపోతాయి.

ఇంకో మాట కూడా గట్టిగానే అన్నాను. తప్పు మనది, దెబ్బ పిల్లలకి. కాబట్టి క్లాసు తగ్గేవాళ్ళకి వచ్చే ఏడాదిదాకా ఆగమనకుండా, వెంటనే ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష పెట్టాలి, ఫీజు తీసుకోకూడదు. ఇది మా పిల్లాడి కోసం అడుగుతున్నట్టు ఉంటుందని తెలుసు. అయినా అడిగాను. బంధువున్నాడని న్యాయమైనది అడగకుండా ఊరుకోవడం కూడా ఒక రకం పక్షపాతమే, మిగతా తగ్గినవాళ్ళు ఏం పాపం చేశారు?

ఆయన రెండు రోజులు నాన్చారు. అప్పుడు నా దగ్గరున్న ఒకే ఒక్క ఆయుధం తీశాను. ఏ మెమో బయటికి వెళ్ళాలన్నా సరిచూసినట్టు నా పొడి సంతకం ఉండాలి. పాత లెక్కతో అచ్చయిన ఏ మెమో మీదా సంతకం పెట్టనని రాసిచ్చాను. కావాలంటే నన్ను బదిలీ చేసి వేరేవాళ్ళ చేత పెట్టించుకోమన్నాను. కాగితాన్ని ఆయన బల్ల మీద పెట్టి, టీ తాగకుండానే వచ్చేశాను.

ఆయనకి ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి. ఆ కాగితాన్ని చించెయ్యలేదు, పైవాళ్ళ దగ్గరికి స్వయంగా తీసుకెళ్ళారు. కమిటీ కూర్చుంది. అందరికీ ఒకే లెక్క, తగ్గినవాళ్ళకి ఉచితంగా ప్రత్యేక పరీక్ష అని తేల్చారు. కొత్త ఫలితాలు అంటించిన రోజున పిల్లలు ఆయన గది ముందు కేకలేస్తుంటే, తలుపేసుకోకుండా బయటికొచ్చి నిలబడి, తప్పు మా విభాగానిదేనని చెప్పారు. ఎవరినీ నొప్పించని మనిషికి అది ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ రోజునుంచి ఆయనంటే నాకు గౌరవం పెరిగింది.

వరండా

ఆ కొత్త ఫలితాలు అంటించే ముందు గదిలో చదివారు. కెమిస్ట్రీకి అటువైపు కూర్చుని టిక్కులు పెట్టింది నేనే. నూకరత్నం నెంబరు వచ్చింది, ఫస్ట్ క్లాస్ అన్నారు, టిక్కు పెట్టాను. పెన్సిలు మామూలుకన్నా కాస్త గట్టిగా నొక్కాననుకుంటాను. ఫిజిక్స్ మొదలుపెట్టేముందు లేచి వరండాలోకి వెళ్ళాను.

వరండాకి ఒక కిటికీ ఉంది. ఇంకా దూరం వెళ్ళచ్చు కదా అంటారేమో. వెళ్ళచ్చు. కాళ్ళు కదల్లేదు. లోపల నెంబర్లు ఒకటొకటిగా వస్తున్నాయి. వాడి నెంబరు నాకు కంఠతా వచ్చు. దాని ముందు నెంబరు వినగానే వరండా రెయిలింగు పట్టుకున్నాను. తర్వాత వాడిది చదివారు. సెకండ్ క్లాస్. చదివే గొంతు ఆగలేదు, తర్వాతి నెంబరుకి వెళ్ళిపోయింది. అలాగే వెళ్ళాలి. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను, మొహం కడుక్కుని లోపలికెళ్ళాను.

నూకరత్నం మెమో గడువుకి ముందే ఆమె చేతికి అందింది. కౌంటర్ దగ్గర నిలబడి ఒక్కటే అడిగింది, నా పక్కన కూకున్న పిల్లది ఏటయిందండీ అని. ఆ పిల్లకి తగ్గిందనీ, మళ్ళీ పరీక్ష రాస్తుందనీ చెప్పాను. నూకరత్నం తలొంచుకుని, తన నోట్సులన్నీ ఆ పిల్లకి ఇస్తానని వెళ్ళింది. ఇచ్చిందని తర్వాత తెలిసింది.

మా అన్నయ్య మర్నాడే మా ఇంటికొచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఏటి సేసీసినావు పార్వతీ? ఊరంతా పంచీసిన లడ్డూలు ఎనక్కి అడిగి తెమ్మంతావేటి? ఎవుల పిల్ల కోసమో మనోడి గొంతు కోసీసినావు."

నేను లెక్క చెప్పబోయాను. బస్సుల సంగతి కూడా మొదలెట్టాను. ఆయన వినలేదు. వినాల్సిన అవసరం ఆయనకేముంది? ఆయనకి కొడుకు కనిపిస్తున్నాడు, లెక్క కనిపించడం లేదు. ఆ గుమ్మం దిగి వెళ్ళినవాడు మూడేళ్ళపాటు నాతో మాట్లాడలేదు. ఈ ఉద్యోగం అందరి దగ్గరా ఇంత అడగదు. కానీ అడిగిన రోజున ఇవ్వగలరా అన్నది మాత్రం చేరే ముందే ఆలోచించుకోండి.

సత్తిబాబు అసలు రాలేదు. ఇంప్రూవ్‌మెంట్‌కి పేరిస్తాడో లేదో కూడా తెలియదు. ఇచ్చాడనీ, చివరి రోజున వచ్చి రెండు పేపర్లకి ఇచ్చాడనీ వేరేవాళ్ళు చెప్పారు. నేను ఆ కాగితాల వైపు కన్నెత్తి చూడలేదు.

ఆ ఫలితాలు చదివిన మధ్యాహ్నం కూడా నేను వరండాలోనే ఉన్నాను. ఈసారి కూడా దూరం వెళ్ళలేదు. వాడి నెంబరు వచ్చింది. ఫస్ట్ క్లాస్.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి వాడు మా గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాడు. ఇన్నాళ్ళ తర్వాత అదే రావడం. ఉదయాన్నే బోర్డు చూసుకోవాలి, ఆనందపురం నుంచి రావాలంటే పొద్దెక్కుతుంది, ఇక్కడ పడుకుంటానన్నాడు. వాళ్ళ నాన్నకి చెప్పలేదట.

చేపల పులుసు పెట్టాను. తలొంచుకుని తింటూ, "రేపు అతికిత్తారంట కదత్తా" అన్నాడు. అంటిస్తారన్నాను. ఇంకో ముద్ద తిన్నాడు. ఆ పిల్లాడి మొహం పీక్కుపోయి ఉంది. నాలుగు మాటలు చెబితే వాడు కడుపు నిండా తింటాడు. పక్కింటికి కూడా వినపడదు. ప్రకటించకముందు ఎవరికీ చెప్పకూడదన్నది నిబంధన, అది నేనే ఎందరికో నేర్పాను. ఇంకొంచెం పులుసు వెయ్యనా అని మాత్రం అడిగాను. నా ఉద్యోగం మొత్తంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

మర్నాడు ఫలితాల రోజు కాబట్టి కౌంటర్ దగ్గరే ఉన్నాను. వాడు బోర్డు చూసుకుని, లైన్లో నిలబడి, తన వంతు వచ్చాకే నా కిటికీ దగ్గరికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రేత్రి అన్నం ఎడతన్నప్పుడే నీకు తెల్సు కదత్తా?"

"తెలుసు."

"సెప్పనేదు."

"చెప్పకూడదు."

అప్పుడు మొదటిసారి, ఆ లడ్డూల రోజు తర్వాత మొదటిసారి, నవ్వాడు.

"అయితే ఈసారిది నిజంగా నాదేనత్తా," అన్నాడు.

వేలెత్తి చూపించకూడనిది నీ మీద కాదు, ఆ పిల్లోడి మీద అని సన్యాసిరావుగారు ఎందుకన్నారో అప్పుడు తెలిసింది. వెనకవాళ్ళు తొందర పెడుతుంటే వాడు పక్కకి జరిగాడు. నేను కళ్ళు తుడుచుకుని, తర్వాత నిలబడ్డ పిల్లని హాల్‌టికెట్ నెంబరు చెప్పమన్నాను.